మిల్లీమీటరులో వెయ్యో వంతు సాక్షి

కారు దిగండి. ఎండ సంగతి తర్వాత చూసుకుందాం. గేటు దగ్గర వాదన మొదలైంది.

1991 జూన్ 28. బాగ్దాద్‌కి పడమట, ఫలూజా దగ్గర ఒక సైనిక రవాణా స్థావరం. మీ చేతిలో కెమెరా ఉంది. ఆయుధమంటూ ఏదీ లేదు. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, అంటే ఐఏఈఏ, పంపిన తనిఖీ బృందంలో మీరొకరు. గల్ఫ్ యుద్ధంలో ఓడిన ఇరాక్ తన అణు సామగ్రినంతా బయటపెట్టి తీరాలని ఏప్రిల్‌లోనే భద్రతా మండలి తీర్మానించింది. కాగితం ప్రకారం మీరు ఎక్కడికైనా వెళ్లొచ్చు. కాగితం గేటు తెరవదు.

"పైనుంచి ఆర్డరు రాలేదు. లోపలికి పంపడం కుదరదు."

మీ నాయకుడు డేవిడ్ కే తీర్మానం సంగతి మళ్లీ మొదట్నుంచి చెబుతున్నారు. ఈ తంతు మీకు కొత్త కాదు. ఐదు రోజుల కిందట అబూ గ్రైబ్ శిబిరం దగ్గరా ఇదే జరిగింది. బయట నిలబెట్టారు. చివరికి లోపలికి అడుగు పెట్టేసరికి చూడాల్సిన సరుకు లేదు. అందుకే ఈసారి మీ వాళ్లు కొందరు వాదన వినడం మానేసి, పక్కనున్న నీళ్ల ట్యాంకు ఎక్కుతున్నారు.

మీ రేడియో గరగరలాడింది. వెనక గేటు నుంచి లారీలు వెళ్లిపోతున్నాయి!

ఏం చేస్తారు? ఇక్కడే నిలబడితే తప్పు పట్టేవాళ్లు లేరు. ఫిర్యాదు రాసి న్యూయార్క్ పంపొచ్చు. వెంటపడితే మాత్రం, వట్టి చేతులతో సైన్యం వెంటపడ్డట్టే. స్థావరం వెనకాల లేచిన దుమ్ము క్షణక్షణానికీ దూరం జరుగుతోంది.

ఎక్కండి. పదండి.

రోడ్డెక్కాక కాన్వాయ్ కనబడింది. యుద్ధ ట్యాంకుల్ని మోసే పొడవాటి ట్రైలర్లు, ఒకదాని వెనక ఒకటి. సరుకు మీద టార్పాలిన్లు కప్పారు గానీ తొందరలో సరిగ్గా కట్టలేదు. గాలికి ఒకటి లేచింది. కింద ఏదో గుండ్రంగా, ఇనుముతో, మనిషి ఎత్తుని మించి. ఫొటో తీయండి. ఇంకొకటి. మీ కారు లారీల పక్కకి చేరింది. డ్రైవర్ల మొహాలు కనిపిస్తున్నాయి. ఇంకో ఫొటో.

టప్. టప్.

టైరు కాదు. తుపాకీ.

వంగండి. గాల్లోకే కాలుస్తున్నారు. ఇప్పటికైతే. కెమెరా దించాలా? ఒక్క ఫొటో. ఇంకొక్కటి. చాలు. కారు ఆపమనండి. ఆపండి!

ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఫిల్ము మిగిలింది.

ఆ ఇనుప బిళ్లలు ఏమిటో ఫొటోలు చూసిన పాతకాలపు నిపుణులకి అర్థమైంది. కాలుట్రాన్ అనే యంత్రంలోని అయస్కాంత భాగాలవి. హిరోషిమా బాంబుకి కావలసిన యురేనియాన్ని రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్లు ఓక్ రిడ్జ్‌లో వేరు చేసింది ఇలాంటి యంత్రాలతోనే. యుద్ధం అయ్యాక ఈ పద్ధతిని పక్కన పడేశారు. కరెంటు విపరీతంగా తాగుతుంది, పని నత్తనడక. మళ్లీ దాని జోలికి వెళ్లేవాడు ఉంటాడని ఎవరూ అనుకోలేదు. అనుకోలేదు కాబట్టే ఎవరూ వెతకలేదు. తొమ్మిది రోజులకి, జులై 7న, ఇరాక్ ఒప్పుకుంది.

అసలు గుచ్చుకునే విషయం ఇది కాదు. బాగ్దాద్ పక్కనే తువైతా అణు కేంద్రం ఉంది. యుద్ధానికి ముందు ఐఏఈఏ ఇన్‌స్పెక్టర్లు ఏడాదికి రెండుసార్లు అక్కడికి వెళ్లేవారు. ఇరాక్ చూపిస్తానన్న గదులు చూసేవారు, ఇంధనం లెక్కపెట్టేవారు, లెక్క సరిపోయేది, సంతకం చేసి వచ్చేవారు. అదే ఆవరణలో, వాళ్లు తలుపు తట్టని భవనాల్లో, రహస్య పని సాగుతూనే ఉండేది. చెప్పిన దాన్ని సరిచూడటం ఒక పని. చెప్పనిదాన్ని కనిపెట్టడం పూర్తిగా వేరే పని. రెండోది ఎలా చేయాలో 1991లో ఎవరి దగ్గరా సరైన పద్ధతి లేదు.

నీళ్ల ట్యాంకు ఎక్కడం పద్ధతి అనిపించుకోదు కదా.

ఆ పద్ధతి చూడాలంటే ఇప్పుడు బూట్లు విప్పండి. ఉంగరం, వాచీ కూడా. ఆస్ట్రియాలో, వియన్నాకి దక్షిణంగా, సైబర్స్‌డార్ఫ్ అనే చిన్న ఊళ్లో ఉన్నారు. తల నుంచి కాళ్ల దాకా తెల్లటి సూటు వేసుకోండి. తలుపు తీయగానే గాలి మీ మొహం మీదికి కొడుతుంది. లోపలి గాలి బయటికి రావాలే తప్ప బయటి దుమ్ము లోపలికి పోకూడదని లోపల ఒత్తిడి పెంచి ఉంచారు. 1996లో తెరిచిన ఐఏఈఏ క్లీన్ లాబొరేటరీ ఇది. ఇక్కడ తయారయ్యే వస్తువుని చూస్తే మీకు నవ్వు రావచ్చు: నాలుగు అంగుళాల చదరం నూలు గుడ్డముక్క. దాన్ని ఒక ప్లాస్టిక్ సంచిలో, ఆ సంచిని ఇంకో సంచిలో పెడతారు. పక్కన గ్లోవ్స్ జతలు. అంతే. ఫలూజాలో మీ చేతిలో ఉన్న కెమెరా కంటే ఇది చాలా దూరం చూస్తుంది.

ఎలా అంటారా? ప్రకృతిలో దొరికే యురేనియంలో వెయ్యి పరమాణువులకి దాదాపు ఏడే యురేనియం-235. మిగతా దాదాపంతా 238. మామూలు కరెంటు రియాక్టరుకి ఆ 235 పాలు నూటికి 3 నుంచి 5 దాకా పెంచితే సరిపోతుంది. నూటికి 90 దగ్గరికి తీసుకెళ్తే బాంబు సరుకు. పెంచే ఈ పనినే పత్రికలు యురేనియం శుద్ధి అంటున్నాయి. శుద్ధి చేసే చోట యురేనియం హెక్సాఫ్లోరైడ్ వాయువు పైపుల్లో తిరుగుతుంది. ఏదో ఒక కీలు దగ్గర ఇసుమంత బయటికి వస్తుంది. గాలిలోని తేమ తగలగానే అది కంటికి కనపడని పొడి అవుతుంది. ఒక్కో రేణువు మిల్లీమీటరులో వెయ్యో వంతు. పసుపు దంచిన ఇంటికి సున్నం వేసినా, ఎప్పుడో తలుపు బందు సందులో వేలు పెడితే పచ్చగా అంటుకుంటుంది చూడండి, ఇదీ అలాంటిదే. తేడా ఏమిటంటే ఈ పొడి ప్రతి రేణువులోనూ తను ఎంత శుద్ధయ్యిందో రాసి ఉంటుంది. చదవడం వస్తే చాలు.

చదవడం మాత్రం రాత్రికి రాత్రి రాలేదు. దానికి డబ్బూ మనుషులూ ఐఏఈఏ దగ్గర చాలినంత ఎప్పుడూ లేవు. సభ్య దేశాలు తమ ప్రయోగశాలల్ని అరువిచ్చాయి. అమెరికా ఐఏఈఏ తనిఖీల కోసం 1977లోనే ఒక సహాయ కార్యక్రమం మొదలుపెట్టింది, తర్వాత కెనడా, జర్మనీ, జపాన్, స్వీడన్, ఆస్ట్రేలియా లాంటి దేశాలు తమ తమ కార్యక్రమాలతో వచ్చాయి. వార్తల్లోకి ఎక్కేది ఇన్‌స్పెక్టరు. ఆ గుడ్డముక్కతో ఏం చేయాలో పదేళ్లు తలబద్దలు కొట్టుకున్నవాళ్ల పేర్లు మీరెప్పుడూ వినరు. నన్నడిగితే ఈ కథలో సగం వాళ్లది.

దుమ్ము మాట్లాడుతుందని ప్రపంచం గట్టిగా నమ్మింది ఉత్తర కొరియా దగ్గర. 1992లో యోంగ్‌బ్యోన్ అణు కేంద్రంలో ఇన్‌స్పెక్టర్లు నమూనాలు తీశారు. 1990లో ఒక్కసారే, అదీ సుమారు 90 గ్రాముల ప్లుటోనియం వేరు చేశామని ఆ దేశం చెప్పింది. ప్లుటోనియంలో ఒక రకం కాలం గడిచేకొద్దీ అమెరీషియంగా మారుతుంది. రెండింటి పాళ్లు చూస్తే వేరు చేసి ఎన్నాళ్లయిందో తేలుతుంది. నమూనాలు ఒక్క తేదీ చెప్పలేదు. 1989, 1990, 1991 అని మూడు చెప్పాయి. ఇంకో రెండు చోట్లు చూపించమని ఐఏఈఏ అడిగింది. 1993 మార్చిలో ఉత్తర కొరియా అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం నుంచే తప్పుకుంటానని ప్రకటించింది. ఆ తగాదా ఇంకా నడుస్తూనే ఉంది.

మన హైదరాబాద్‌లో, న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్‌లోని కొన్ని విభాగాలు కూడా ఐఏఈఏ తనిఖీ కిందికి వస్తాయి. కానీ ఆ లెక్క వేరు. 2009లో ఇండియా చేసుకున్న ఒప్పందం ప్రకారం, పేరు రాసి జాబితాలో చేర్చినవాటికే తనిఖీ. మీరు ఇప్పుడు వెళ్లబోయే చోట జాబితా ఏమిటన్నదే తగువు.

2003 ఆగస్టు. టెహ్రాన్.

కలాయే ఎలక్ట్రిక్ కంపెనీ గేటు. ఇక్కడ యురేనియం శుద్ధికి వాడే సెంట్రిఫ్యూజ్ భాగాలు తయారు చేశామని ఇరాన్ ఒప్పుకుంది. యురేనియం మాత్రం ఈ గడప తొక్కలేదని అంటోంది. మార్చిలో మీ వాళ్లు వస్తే కొంతే చూడనిచ్చారు. జూన్‌లో నమూనాలు తీస్తామంటే కుదరదన్నారు. ఈసారి సరేనన్నారు.

లోపల అడుగు పెట్టగానే, ఎందుకు సరేనన్నారో అర్థమవుతుంది. మార్చికీ ఇప్పటికీ భవనం రూపే మారిపోయింది. గోడల్ని చూడండి. నేలని చూడండి. కొత్తవి.

ఇంతదూరం వచ్చి వెనక్కి వెళ్తారా? భవనం మార్చేశారని రాసి ఇచ్చినా అదొక నివేదికే. కానీ మీ సంచిలో గుడ్డముక్కలున్నాయి.

తొందరపడొద్దు. ముందు మిమ్మల్ని మీరు అనుమానించుకోవాలి. పోయిన నెల మీరు యూరప్‌లో ఒక శుద్ధి కర్మాగారం తనిఖీకి వెళ్లొచ్చారు. అప్పుడు వేసుకున్న బూట్లు ఇవేనా? ఆ ఫ్యాక్టరీ రేణువు ఒక్కటి మీ ప్యాంటు మడతలో కూర్చుని టెహ్రాన్ దాకా వచ్చుంటే? రేపు అదే ఒక దేశం మీద నేరారోపణ అవుతుంది. అందుకే మీరిద్దరు. మీ సహచరి సంచులు తెరుస్తుంది, నంబర్లు రాస్తుంది, గదిలో దేన్నీ ముట్టుకోదు. గుడ్డని ముట్టుకునేది మీరొక్కరే. చోటు మారిన ప్రతిసారీ గ్లోవ్స్ మార్చాలి. దేన్నీ తుడవని గుడ్డ కూడా ఒకటి సంచిలో వేయాలి. గదిలో తీసిన గుడ్డ చెప్పేదాన్ని దానితో పోల్చి చూడాలి.

ఇక చోటు ఎంచుకోండి. రంగు వేసిన గోడ మధ్యలో తుడిస్తే రంగే వస్తుంది. పనివాడిలా ఆలోచించండి. బ్రష్షు ఎక్కడిదాకా అందలేదు? తలుపు చట్రం పైభాగం. పైపు గోడలోకి దూరిన చోటు. కిటికీ గొళ్లెం వెనక. స్విచ్‌బోర్డు అంచు. పాత గదిలోంచి కొత్త గదిలోకి మారిన బీరువా అడుగు.

మీ వెనక నలుగురు నిలబడి ఉన్నారు. ఎవరూ మాట్లాడటం లేదు. ఫ్యాను శబ్దం వినిపిస్తోంది.

స్టూలు అడగండి. ఎక్కండి. గుడ్డ మడత విప్పండి. ఒకవైపే తుడవాలి, గట్టిగా. చేతి కింద గరుకు. అక్కడ రంగు లేదు. చెమట నుదుటి మీద నుంచి జారుతోంది. గుడ్డ మీద పడకూడదు. తల వెనక్కి. మడవండి. లోపలి సంచి. మూయండి. బయటి సంచి. నంబరు.

"అయిందా?" అని వెనక నుంచి అడిగారు.

ఇంకో గది ఉంది.

గుడ్డ మీదకి చూడండి. ఏమైనా కనబడుతోందా? కాస్త బూడిద రంగు. ఏ ఇంట్లో తుడిచినా వచ్చేదే. ఇక్కడ మీ కళ్లకి పనిలేదు. ఆ సంచిలో బాంబుకి దారి చూపే ఆధారం ఉందో, ఊరి దుమ్ము ఉందో మీకే కాదు, మీ వెనక నిలబడ్డ నలుగురికీ తెలియదు.

కోటు మార్చండి. ఇప్పుడు మీరు ఇన్‌స్పెక్టరు కాదు, సైబర్స్‌డార్ఫ్‌లో అనలిస్టు. మీ ముందుకి వచ్చిన సంచి మీద ఒక నంబరు ఉంది. దేశం పేరు లేదు. ఊరు పేరు లేదు. కావాలనే చెప్పరు. తెలిస్తే మనసు ముందే ఒకవైపు మొగ్గుతుంది.

మొదట సంచి విప్పకుండానే గామా కిరణాల పరీక్ష, ఎక్స్‌రే పరీక్ష. యురేనియం కొంచెమైనా ఉన్నట్టుందా, ఉంటే ఎంత? తర్వాత గుడ్డలు పంచాలి. కొన్ని ఇక్కడే ఉంటాయి, కొన్ని ఐఏఈఏతో చేయి కలిపిన వేరే దేశాల ప్రయోగశాలలకి వెళ్తాయి. ఒక్కరి మాట మీద ఏదీ తేల్చకూడదు.

కొన్ని ల్యాబుల్లో ఆ దుమ్ముని పల్చటి ప్లాస్టిక్ పొర మీద పరిచి, రియాక్టరులో న్యూట్రాన్ల కింద పెడతారు. యురేనియం-235 ఉన్న రేణువులో పరమాణువులు చీలుతాయి. చీలిన ముక్కలు ప్లాస్టిక్‌లో గీతలు గీస్తూ దూసుకుపోతాయి. రసాయనంలో ముంచి తీసి మైక్రోస్కోపులో చూస్తే నక్షత్రాలు కనిపిస్తాయి. ఏ నక్షత్రం దట్టంగా ఉందో దాని మధ్యలోని రేణువుని వెతికి, సూదితో ఎత్తి, తూకానికి పంపుతారు. ఆ రేణువు బరువెంతనుకున్నారు? గ్రాములో లక్ష కోట్ల వంతుల్లో ఓ నాలుగైదు వంతులు. తుమ్మితే పోతుంది. ఊపిరి బిగపట్టి పనిచేయడమంటే ఇక్కడ మాటవరస కాదు.

మీ దగ్గరున్న యంత్రం పేరు సిమ్స్. రేణువు మీద ఆక్సిజన్ అయాన్ల ధార కొడుతుంది. రేణువు నుంచి పరమాణువులు లేచి వస్తాయి. పెద్ద అయస్కాంతం వాటి దారి వంచుతుంది. బరువైనవి తక్కువ వంగుతాయి, తేలికవి ఎక్కువ. 235 ఒక చోట పడుతుంది, 238 ఇంకో చోట.

ఈ పని ఎక్కడో విన్నట్టుందా? విన్నారు. కాలుట్రాన్ చేసేదీ ఇదే. ఫలూజాలో లారీల మీద పారిపోయిన ఆ ఇనుప బిళ్లలూ, మీ ముందున్న ఈ యంత్రమూ ఒకే సూత్రం మీద పుట్టాయి. అది కిలోల కోసం, ఇది ఒక్క రేణువు కోసం. దొంగా పోలీసూ ఒకే బడిలో చదువుకున్నారు.

స్క్రీను మీద 235 దగ్గర గీత లేస్తోంది. మామూలు యురేనియంలో లేవాల్సిన దానికంటే ఎక్కువ. ఇంకా లేస్తోంది. మీ గుండె ఒక్కసారి గట్టిగా కొట్టుకుంది.

ఆగండి. సీసంలో ఒక రకం బరువు 208. అల్యూమినియం బరువు 27. రెండూ అతుక్కుంటే ఎంత? 235. వర్క్‌షాపు దుమ్ములో సీసమూ అల్యూమినియమూ ఉండకుండా పోవు. మీరు చూస్తున్నది యురేనియమా, ఇదా?

సంతకం చేస్తారా?

ఇది ఏ సంవత్సరమో మరిచిపోకండి. ఈ మార్చిలోనే ఇరాక్ మీద యుద్ధం మొదలైంది. నైజర్ దేశం నుంచి ఇరాక్ యురేనియం కొంటోందని చెప్పిన పత్రాలు అసలైనవి కావని, యుద్ధానికి ముందు, మార్చి 7న, ఐఏఈఏ అధిపతి మొహమ్మద్ ఎల్‌బరాదీ భద్రతా మండలిలోనే చెప్పారు. యుద్ధం ఆగలేదు. ఇప్పుడు పక్క దేశం వంతు. మీరు తప్పు గీతని నిజమని రాస్తే దాన్ని అందుకోవడానికి చేతులు సిద్ధంగా ఉన్నాయి. నిజం గీతని అనుమానించి పక్కన పెడితే మళ్లీ తువైతానే.

ఇంకో రేణువు. ఇంకోటి. వేరే ల్యాబు కాగితం వచ్చిందా? పోల్చండి. మళ్లీ కొలవండి.

నిజమే. తక్కువ శుద్ధి యురేనియం ఉంది. ఎక్కువ శుద్ధిదీ ఉంది. కలాయేలో ఒక గదిలోనూ, అక్కడి నుంచి నతాంజ్ శుద్ధి కేంద్రానికి తరలించిన యంత్రాల మీదా, నూటికి 36 దాకా శుద్ధి చేసిన యురేనియం రేణువులు తర్వాత తేలాయి. విదేశాల నుంచి తెచ్చుకున్న సెంట్రిఫ్యూజ్ భాగాల మీద 54 శాతం శుద్ధి రేణువులూ కనిపించాయి. కొత్త రంగూ కొత్త నేలా వాటిని ఆపలేకపోయాయి.

అక్టోబరులో ఇరాన్ మాట మార్చింది. కలాయేలో సెంట్రిఫ్యూజ్‌లని యురేనియం వాయువుతోనే పరీక్షించామని ఒప్పుకుంది. 1991లో దిగుమతి చేసుకున్న వాయువులో 1.9 కిలోలు లెక్కలో తగ్గితే, సిలిండర్ వాల్వుల నుంచి కారిపోయిందని అంతకుముందు చెప్పారు. కారింది వాల్వు నుంచి కాదన్నమాట.

ఇక్కడితో కథ అయిపోతే ఇన్‌స్పెక్టర్లకి ఎంత హాయి! కానీ ఇరాన్ ఇంకో మాట కూడా అంది: ఎక్కువ శుద్ధి అయిన ఆ రేణువులు మావి కావు. మేం విదేశం నుంచి కొన్న సెకండ్‌హ్యాండ్ భాగాల మీద అతుక్కుని వచ్చాయి.

ఒకసారి అబద్ధం చెప్పి దొరికినవాడు చెప్పే రెండో మాట ఇది. నమ్ముతారా?

నమ్మడం, నమ్మకపోవడం మీ పని కాదు. మళ్లీ సూటు వేసుకోండి.

ఆ భాగాలు ఎక్కడివో 2004 ఫిబ్రవరికల్లా లోకానికి తెలిసిపోయింది. పాకిస్తాన్ అణు శాస్త్రవేత్త ఏ.క్యూ. ఖాన్ టీవీలో కనిపించి, అణు పరిజ్ఞానం బయటికి పంపానని ఒప్పుకున్నారు. అయినా టీవీలో ఒప్పుకోవడం ఐఏఈఏకి సాక్ష్యం కాదు. ఇరాన్‌లో దొరికిన రేణువుని పాకిస్తాన్ యంత్రం మీది రేణువు పక్కన పెట్టి చూడాలి. పాకిస్తాన్ అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందంలో సభ్య దేశం కాదు, తన శుద్ధి కర్మాగారంలోకి ఎవర్నీ రానివ్వదు. నెలల తరబడి బేరసారాలు సాగాక, 2005లో కొన్ని పాత సెంట్రిఫ్యూజ్ భాగాలు వియన్నాకి చేరాయి.

గ్లోవ్స్. గుడ్డ. తుడవండి. సంచి. నంబరు.

పోలికలు సరిపోతున్నాయి. పట్టించిన దుమ్మే ఇప్పుడు ముద్దాయి మాటకి బలమిస్తోంది. మీ పక్కనున్నవాళ్లలో కొందరికి ఇది రుచించదు. నాకైతే ఈ పని మీద గౌరవం కలిగింది సరిగ్గా ఇక్కడే. నేరం మోపడానికి మాత్రమే పనికొచ్చే పరీక్ష అయితే, దాన్ని ఏ దేశం గుమ్మంలోకి రానిస్తుంది?

సీసం, అల్యూమినియం గొడవ మిమ్మల్ని ఇంకా వేధిస్తోంది కదూ? ఆ చిక్కు విడిపోవడానికి ఇంకో ఆరేళ్లు పట్టింది. స్టాక్‌హోమ్‌లోని సహజ చరిత్ర మ్యూజియంలో ఒక గదంతా ఆక్రమించే భారీ సిమ్స్ యంత్రం ఉంది. భూమి మీది అతి పాత రాళ్ల వయసు లెక్కగట్టడానికి భూగర్భ శాస్త్రవేత్తలు కొనుక్కున్నది. దాన్ని యురేనియం రేణువుల మీదికి తిప్పి చూద్దామని పరిశోధకులు ప్రయత్నించారు. అయస్కాంతం పెద్దది కాబట్టి 235 బరువున్న యురేనియాన్నీ, ఇంచుమించు అంతే బరువున్న సీసం, అల్యూమినియం జంటనీ విడదీయగలిగింది. పనీ చకచకా అయింది. 2011కల్లా అలాంటి యంత్రం సైబర్స్‌డార్ఫ్‌కి వచ్చింది. యంత్రం నిజం చెబుతోందో లేదో చూసుకోవడానికి ముందే తెలిసిన రేణువు కావాలి కదా. ఒక్కో రేణువు ఒకే పరిమాణంలో, ఒకే శుద్ధితో ఉండేలా జర్మనీలోని యూలిష్ పరిశోధన కేంద్రంలో తయారు చేస్తున్నారు. అంతర్జాతీయ శాంతికి నకిలీ దుమ్ము కూడా కావాలంటే మొదట వింతగానే ఉంటుంది.

సరే, 2005కి తిరిగి రండి. నివేదిక రాయాలి. బల్ల చుట్టూ కూర్చున్నారు. కాఫీ చల్లారింది. ఇరాన్‌లో కనిపించిన ఎక్కువ శుద్ధి రేణువులన్నీ విదేశానివే అని రాద్దామా?

ఒకరు తల అడ్డంగా ఊపుతున్నారు. అన్నీ అని మీ దగ్గరున్న కొలతలు చెప్పడం లేదు. చాలా మటుకు అని చెబుతున్నాయి. అలాగే రాస్తారు: మొత్తం మీద చూస్తే, చాలా మటుకు విదేశీ మూలమేనన్న ఇరాన్ మాటకి ఫలితాలు బలమిస్తున్నాయి. మిగతావాటికి, ముఖ్యంగా తక్కువ శుద్ధి రేణువుల్లో కొన్నిటికి, ఇంకా లెక్క కుదరలేదు. వాటి సంగతి కింది పేరాలో రాయండి, ఎవరి దగ్గర ఏ పత్రాలు అడగాలో జాబితా వేయండి, టెహ్రాన్ టికెట్లు బుక్ చేయమని ఆఫీసుకి చెప్పండి.